ఇరవై గజాలు

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ప్లాన్లు గీస్తున్నాను.
నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరే నల్లమట్టి,
పునాదికి గొయ్యి తీసేవాడు
ముందు మోటారు అద్దెకి తెచ్చుకుంటాడు.
అలాంటి భీమవరంలో
గాలిని కూడా గజాల్లెక్కన రాసిస్తారని
ఒక ఎర్రగీత వల్ల తెలిసింది.

మాస్టర్ ప్లాన్లో అది వెంట్రుకంత.
వీధిలోకి దించి చూస్తే, అటూ ఇటూ పదేసి అడుగులు.
కోళ్ళ నరసమ్మ బడ్డీ అరుగు,
సెలూన్లో అద్దం ముందు కుర్చీ,
మీరావలి కుట్టుమిషను నిలబడే చోటు.

మీరావలి కొట్టు ముఖం పద్దెనిమిది అడుగులు.
పద్దెనిమిది పదులు నూట ఎనభై,
తొమ్మిదితో భాగిస్తే ఇరవై గజాలు.
నేను కాగితం మీద వేశాను, అతను వేళ్ళ మీద.
ఇద్దరికీ అంతే వచ్చింది.

డబ్బివ్వలేదు, బాండిచ్చారు.
పోయిన నేలకి బదులుగా
ఇంకెక్కడో ఇంకెవరో
ఎత్తుకి కట్టుకునే హక్కు.
"అంటే నా కొట్టు పైకి లేస్తాదాండీ?"
లేవదు.
మిగిలిన లోతు పదకొండు అడుగులు.
ముందు కొంత, వెనక కొంత సెట్‌బ్యాక్ వదిలితే
గోడకీ గోడకీ మధ్య
మనిషి పక్కకి తిరిగి నిలబడాలి.
దస్తావేజు అతనిదే, పన్ను రసీదూ అతనిదే.
కట్టుకోడమే కుదరదు.

సెట్‌బ్యాక్ అంటే ఏమిటని అడిగాడు.
కుట్టుకి లోపల వదిలే గుడ్డ లాంటిదని చెప్పాను.
సూది పళ్ళ మధ్య పెట్టుకుని
కాసేపు ఆలోచించాడు.
"గుడ్డ వదిలేది పిల్లోడి ఒళ్ళు పెరుగుతాదని.
ఇది ఎవరి ఒళ్ళు పెరగడానికండీ?"

వెలుతురుకి, గాలికి, ఫైరింజను తిరగడానికి...
పాఠం ఒప్పజెప్పాను.
పాఠంలో తప్పేం లేదు.
ఓ వేసంకాలం ఆ వీధి చివర తాటాకు పాక అంటుకున్నప్పుడు
ఇంజను మలుపు దగ్గరే ఇరుక్కుని
గంట కొడుతూ నిలబడిపోయింది.
బకెట్లు మోసినవాళ్ళలో మీరావలీ ఉన్నాడు, నేనూ ఉన్నాను.

వీధి బాండ్లన్నీ గాదిరాజు కుమారవర్మ కొన్నాడు.
రొయ్యల చెరువు పూడ్చి లేపుతున్న అపార్ట్‌మెంటుకి
స్టిల్టు మీద అయిదింటికే అనుమతి.
అరుగూ కుర్చీ కుట్టుమిషనూ కలిస్తే
ఆరో అంతస్తు అయింది.
ఆ ప్లానూ నేనే గీశాను.
ఫీజు రొక్కంగా తీసుకున్నాను.

మొన్న ఆఖరి కొలతలకి పైకెళితే
ఖాళీ హాల్లో మీరావలి, మెళ్ళో టేపుతో.
కర్టెన్ల ఆర్డరొచ్చిందట.
"ఇందులో నాది ఏ పక్కనండీ?"
బాండు మీద నంబరుంది, సంతకముంది, సీలుంది,
మూల మాత్రం లేదు.
"బాల్కనీ వైపనుకుంటా" అన్నాను.
అబద్ధం.

చెప్పులు గుమ్మం బయటే విప్పాడు.
జేబులోంచి సుద్దముక్క తీసి
కొత్త టైల్స్ మీద గీశాడు,
పద్దెనిమిది ఇటు, పది అటు,
నా టీ-స్క్వేరు సిగ్గుపడేంత తిన్నగా.
మధ్యలో పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు.
కుడిపాదం దానంతటదే ఆడుతోంది,
కింద పెడల్ ఉన్నట్టు.
బాల్కనీలోంచి చూస్తే కాలువ నిండా గుర్రపుడెక్క,
ఆవల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు.
మా వీధి ఎక్కడుందో
ఇద్దరం వెతికాం, దొరకలేదు.

ఫ్లాటు కొన్నావిడ వచ్చింది.
"ఈ గీతలేంటి?"
"కర్టెన్ల కొలతలమ్మా" అంటూ లేచి
పాదంతో చెరిపేశాడు.

ఒక మూల చెరగలేదు.
అది చూస్తూనే రిపోర్టులో రాశాను:
మంజూరైన ప్లానుకీ కట్టడానికీ తేడా లేదు.